లోతుపడ్డ దారి

ఆ మాటకి అర్థం నాకు మొదట చెప్పినవారు సామ్యూల్ గారు. అది కూడా ఒక ఆదివారం పొద్దున, చర్చి నుంచి వచ్చి వరండాలో కూర్చుని, టీలో బిస్కట్టు ముంచుకుంటూ చెప్పారు. భయపడాల్సింది అందులో నాకేమీ కనపడలేదు.

సామ్యూల్ గారు భిలాయి ఉక్కు ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలకి నకళ్ళు గీసే ట్రేసరుగా చేసి రిటైరయ్యారు. పాత మ్యాపులంటే ప్రాణం పెడతారు. నేను సర్వేయర్ని. తిరుమలరావంటారు. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు, నేను ఆ పక్కనే ఖుర్సీపార్‌లో పుట్టి పెరిగాను. నాకు ఉద్యోగమంటూ లేదు, ఎవరు పిలిస్తే వాళ్ళకి నేల కొలిచి పెడతాను. నోటి దురుసు మనిషినని పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదని ఒప్పుకుంటాను.

ఆ మే నెలలో నందిని వైపు ఒక కాంట్రాక్టరు రాయి లారీల కోసం రోడ్డు వేస్తున్నాడు. ఆ రోడ్డుకి అడ్డంగా, ఒక పల్లె పక్కన, లోతుగా దిగిపోయిన పాత దారి ఉంది. దాన్ని మట్టితో పూడ్చాలి. ఎంత మట్టి పడుతుందో తేల్చడం నా పని. కాంట్రాక్టరు నాకు దొరల కాలం నాటి మ్యాపు జిరాక్సు ఒకటి ఇచ్చాడు. అందులో ఊళ్ళ పేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ దారి మీద మాత్రం ఏటవాలు అక్షరాలతో ఇంగ్లీషులో రెండు మాటలు రాసి ఉన్నాయి. హాలో వే.

"ఎవరి పేరండీ ఇది?" అనడిగాను సామ్యూల్ గారిని.

"పేరు కాదయ్యా తిరుమలా. అలాటి దారులన్నిటికీ ఇంగ్లండులో అదే మాట. చాలా పాతది." ఆయన లోపలికెళ్ళి ఇటుకంత డిక్షనరీ తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. "పాత ఇంగ్లీషులో హోల్ వెగ్. వెయ్యేళ్ళ కిందట పొలాల సరిహద్దులు రాసుకున్న దస్తావేజుల్లో కూడా కనిపిస్తుంది. ఫలానా రాయి నుంచి హోల్ వెగ్ దాకా అని రాసుకునేవారు. ఆ దారుల్ని ఎవరూ తవ్వరు. మెత్తని రాతినేల మీద మనుషులూ పశువులూ బళ్ళూ నడిచి నడిచి అరగదీస్తాయి. వాన ఆ పొడిని కడుక్కుపోతుంది. మళ్ళీ నడుస్తారు. నాలుగైదు వందల ఏళ్ళు పోయాక దారి రెండు నిలువుల లోతుకి దిగిపోతుంది, పైన చెట్లు కమ్మేస్తాయి."

"అయితే గొయ్యి దారి. అంతేగా?"

"అంత తేలిగ్గా తీసెయ్యకు. హోల్ అన్న మాటకి వేరు దగ్గర అర్థం కప్పెట్టడం, దాచడం. మా బైబిల్లో నరకానికి వాడే హెల్ కూడా ఆ వేరుకే పుట్టిందంటారు. ఇక వెగ్ ఉందే, అది ఇంకా తమాషా. ఇప్పుడంటే దారి అనుకుంటున్నాం గానీ, దాని వేరుకి అర్థం మోసుకుపోవడం. మన వాహనం, వహించడం ఉన్నాయి చూడు, వాటికి దగ్గర చుట్టం. అంటే మొదట్లో దారి నడిచే చోటు కాదన్న మాట. మోసే చోటు."

"సార్, నాకు కావల్సింది ఘనపు మీటర్లు. వేర్లు తవ్వుకుంటూ కూర్చుంటే బిల్లు కాదు."

ఆయన నవ్వి డిక్షనరీ మూసేశారు. "ఆ దొర ఎవరో గానీ ఊరికే రాసి ఉండడయ్యా. సొంత దేశంలో చూసిందేదో ఇక్కడా చూసి ఉంటాడు" అన్నారు. నేను టీ తాగేసి వచ్చేశాను.

మర్నాడు బావని వెంటబెట్టుకుని బయల్దేరాను. బావ అంటే మా అక్క చిన్నమ్మలు మొగుడు, అప్పలకొండ. ప్లాంటులో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే తోచదని నాతో వచ్చి స్టాఫ్ పట్టుకుంటాడు. స్టాఫంటే నాలుగు మీటర్ల కొలబద్ద, దాన్ని అతను నిలువుగా పట్టుకుంటే దూరం నుంచి నేను మిషన్లోంచి అంకె చదువుతాను. ఏడెనిమిదేళ్ళుగా మా ఇద్దరి బంధుత్వం ఎక్కువ భాగం ఆ మిషన్లోంచే నడిచింది.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. నన్ను పెంచింది అక్కా బావలే. ఖుర్సీపార్ వీధుల్లో వానాకాలం నడుం లోతు నీళ్ళు నిలిస్తే, బావ నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళేవాడు. అలాటి మనిషి మీద నేను రోజూ అరుస్తాను. ఎందుకు అరుస్తానో నాకూ తెలీదు. ఎంత అరిచినా ఊరుకుంటాడు కాబట్టి అనుకుంటా.

ఆ రోజు మా కొత్త సర్వే మిషను, టోటల్ స్టేషనంటారు, అది రాయ్‌పూర్‌లో రిపేర్లో ఉంది. అందుకని పాత డంపీ లెవెల్ మిషను తీశాను. దాన్లోంచి చూస్తే లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. అద్దాల అమరిక అంత, పాతకాలం వాళ్ళకి అది మామూలే. స్టాఫ్ పైనుంచి వేలాడుతుంది, దాని పక్కన బావ కాళ్ళు పైకీ తల కిందకీ పెట్టుకుని నిలబడి ఉంటాడు. నాకు అలవాటే.

పదకొండు గంటలకి దారి మొదట్లో మిషను నిలబెట్టాను. ఎండ మాడ్చేస్తోంది. జీపు డ్రైవరు కల్వర్టు దగ్గర నీడలో పడుకున్నాడు. దారి నా ముందు నుంచి కిందకి దిగి, రెండు మనుషుల ఎత్తు గట్ల మధ్యన తిన్నగా లోపలికి పోయింది. గట్ల మీద మోదుగ చెట్లు ఒకదాని మీదకొకటి వాలి పైకప్పు వేశాయి. వేర్లు గట్టులోంచి బయటికొచ్చి వేలాడుతున్నాయి. అడుగున తెల్లటి సున్నపురాయి నున్నగా అరిగిపోయి ఉంది. లోపలి నుంచి చల్లగాలి వచ్చింది. తడిబట్టలు మడతపెట్టి మరిచిపోతే వచ్చే వాసన ఉంది ఆ గాలిలో.

ఊరి వాళ్ళు ఇంకా ఆ దారినే నడుస్తున్నారు. నేను చూస్తుండగా ఇద్దరాడవాళ్ళు కట్టెల మోపులతో వెళ్ళారు. సంత నుంచి వస్తున్న ఒకతను దారి మొదట్లో ఆగి, కింద పడున్న రాయొకటి తీసుకుని నెత్తిన పెట్టుకుని దిగాడు. అవతలి చివర దాన్ని పారేయడం కూడా చూశాను. నాకు నవ్వొచ్చింది.

గట్టు మీద మేకలు కాస్తున్న ముసలాయన నా నవ్వు చూశాడు. ఆయన పేరు బిసాహు అని తర్వాత తెలిసింది. ఆయన నా మొహం చూడకుండా బావతో అన్నాడు.

"జుచ్ఛా హాథ్ ఝన్ జాబే, బాబూ. కుఛూ ధర్ లే."

ఖాళీ చేతుల్తో వెళ్ళకు, ఏదో ఒకటి పట్టుకో అని. బావ స్టాఫ్ ఎత్తి చూపించాడు. ముసలాయన తలూపి వెళ్ళిపోయాడు.

బావ నలభై మీటర్లు లోపలికెళ్ళి, రాతి సందులో ఇనప మేకు కొట్టి, దాని మీద స్టాఫ్ నిలబెట్టాడు. చదివాను. రెండు పాయింటు మూడు వందల పదిహేను. రాసుకున్నాను. సరిచూద్దామని అయిదు నిమిషాలాగి మళ్ళీ చదివాను. రెండు పాయింటు నాలుగు వందల తొంభై.

మేకు కదల్లేదు. మిషను కదల్లేదు. అంకె పెరిగిందంటే నేల దిగిందని అర్థం, జానెడు దిగింది.

"బావా! సరిగా పట్టుకో!"

"సరిగ్గానే పట్టుకున్నాన్రా!"

మళ్ళీ చూస్తే రెండు పాయింటు ఏడు వందల అరవై. నేల దిగిపోతోందనుకోవాలి, లేకపోతే బావ తప్పు పట్టుకుంటున్నాడనుకోవాలి. నాకు రెండోదే నమ్మబుద్ధయింది. నోటికొచ్చినట్టు అరిచాను. వయసైపోయిందనీ, చేతులు వణుకుతున్నాయనీ, రేపటి నుంచి ఇంట్లో కూర్చుని పప్పు ఏరుకోమనీ అన్నాను. ఆ మాటలు నాకిప్పుడు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

రెండింటికి నందిని సున్నపురాయి గనిలో పేలుళ్ళ ముందు సైరన్ మోగింది. నేల అదిరేలా మూడు పేలుళ్ళు వినిపించాయి. గట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. బావ మాత్రం కదల్లేదు.

"పేలింది వినబడలేదేటి బావా? అలా చెట్టులా నిలబడ్డావు?"

"ఏటి పేలింది? నాకేటీ ఇనబళ్ళేదు" అన్నాడు. "ఇక్కడ శానా సల్లగున్నాదిరా తిరుమల్రావూ. బేగి ముగించీ" అన్నాడు.

అప్పుడు నాకు మిషన్లో నీటిబుడగ గుర్తొచ్చింది. ఎండ నేరుగా పడితే బుడగ జరుగుతుంది, అంకె తప్పొస్తుంది. అందుకే సర్వే వాళ్ళు మిషను మీద గొడుగు పట్టిస్తారు. గొడుగు పట్టడానికి నా దగ్గర మనిషి లేడు. ఉన్నవాడు లోపల స్టాఫ్ పట్టుకుని ఉన్నాడు. స్టాఫ్ ఉన్న చోటు నుంచి కదపకూడదు, కదిపితే పొద్దుటి నుంచి చేసిందంతా వృథా. నేను చాలా తెలివైనవాణ్ణి కదా, చిటికెలో దారి దొరికింది.

"బావా! స్టాఫ్ మేకు మీదే ఉంచి చుట్టూ రాళ్ళు పేర్చు. దాన్నక్కడే వదిలేసి నువ్వు రా. గొడుగు పట్టాలి."

బావ కదల్లేదు. "వదిలీసి వచ్చీమంటావేటి?"

"రమ్మన్నానా లేదా?"

"ఆ ముసలోడు సెప్పినాడు కదరా... సేతిలో ఏటైనా..."

"మేకలు కాసేవాడు నాకు సర్వే నేర్పుతాడా? రా బావా!"

అతను రాళ్ళు పేర్చాడు. స్టాఫ్ నిలబడింది. చేతులు దులుపుకుని నా వైపు నడవడం మొదలుపెట్టాడు. స్టాఫ్ వాలిందేమోనని నేను మిషన్లో కన్ను పెట్టాను.

స్టాఫ్ నిటారుగానే ఉంది. దానికీ నాకూ మధ్య బావ వస్తున్నాడు, తలకిందులుగా, కాళ్ళు పైన ఆడిస్తూ. ఇంకొక మనిషి కూడా ఉంది.

ఆడమనిషి. చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. తెల్లటి పొడి కొట్టుకుపోయిన కాళ్ళు. ఆమె తలకిందులుగా లేదు. అన్నీ తిరగబడి కనిపించే ఆ అద్దంలో ఆమె ఒక్కతే నిటారుగా ఉంది. ఆమె తల మీద బావ తల ఆని ఉంది. మాడుకి మాడు. ఆమె బావని మోపులా నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి, నింపాదిగా నడిచి వస్తోంది.

కన్ను తీసి చూశాను. దారిలో బావ ఒక్కడే వస్తున్నాడు.

మళ్ళీ కన్ను పెట్టాను. ఆమె ఉంది.

మనిషి దగ్గరకొచ్చే కొద్దీ మిషన్లో మసకబారాలి. బావ మసకబారాడు. అతని చొక్కా, కాళ్ళు, అన్నీ అలుక్కుపోయాయి. ఆమె మసకబారలేదు. కనురెప్పల మీద పొడి కూడా కనిపిస్తోంది. ఆమె... నేను చూస్తున్నట్టు ఆమెకి తెలుసు. తిన్నగా అద్దంలోకే చూస్తోంది. నోరు విప్పింది. లోపల కూడా తెల్లటి పొడే ఉంది.

అద్దంలో ఆమె నేల మీద నడుస్తోందంటే, ఇక్కడ బావ తల మీద తల ఆనించి, కాళ్ళు ఆకాశంలోకి పెట్టి ఉందన్న మాట. ఆ లెక్క తేల్చుకోడానికి నాకు కొంచెం సేపు పట్టింది. తేలాక మిషను వదిలేసి వెనక్కి పడ్డాను.

బావ ఎండలోకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మెడ భుజాల్లోకి దిగిపోయి ఉంది.

"నెత్తి మీద ఏటో ఎట్టినట్టున్నాదిరా" అన్నాడు. "దించు. ఓ సెయ్యేసి దించరా."

నేను లేచి, అతని తల పైన గాలిలో చేతులాడించాను. ఏమీ తగల్లేదు. ఆ మండుటెండలో అక్కడొక్క చోటే చల్లగా ఉంది. నేను చెయ్యెత్తితే అందినంత వరకూ చల్లగానే ఉంది.

బిసాహు ఎప్పుడొచ్చాడో తెలీదు. బావ మొహం చూడలేదు. బావ తలకి నిలువెత్తున పైన, ఖాళీ గాలిలో చూశాడు. తర్వాత నా వంక చూసి ఉమ్మేశాడు.

వచ్చీరాని హిందీలో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఎక్కింది బయట దిగదు. పొద్దు వాలకముందే మళ్ళీ ఎక్కిన చోటికి తీసుకెళ్ళు. ఇంకొక మనిషి ఖాళీ చేతుల్తో పక్కన నిలబడాలి. అప్పుడు ఈ తల మీంచి ఆ తల మీదకి మారుతుంది. మోసేవాడు బతికున్నంత వరకూ ఇంకే దారీ లేదు.

"ఎవరామె?" అన్నాను.

ఆమె అని నాకెలా తెలుసని ఆయన అడగలేదు. "హమన్ నామ్ నఇ లేవన్" అన్నాడు. మేం పేరెత్తం అని.

"మరి మారిన తర్వాత రెండోవాడి సంగతేంటి?"

"ఆ దారి పూడ్చడానికొచ్చింది నువ్వు. నువ్వే చూసుకో" అని మేకల్ని అదిలించుకుంటూ పోయాడు.

నేను మంచివాణ్ణని చెప్పుకోను. కానీ ఆ క్షణాన నిజంగానే నిశ్చయించుకున్నాను. నడుం లోతు నీళ్ళలో నన్ను మోసిన మనిషి. నా మీదకి రానీ అనుకున్నాను. జేబులోంచి ఫోను, పెన్ను, తాళాలు తీసి ట్రైపాడ్ కింద పెట్టాను. గడియారం కూడా విప్పేశాను. బావ చంక కింద చెయ్యేసి లేపాను. నేనేం చెయ్యబోతున్నానో అతనికి తెలిసినట్టుంది, నా చెయ్యి ఒకసారి నొక్కాడు.

లోపలికి పది అడుగులు వెయ్యగానే ఎండ చప్పుడు ఆగిపోయింది. ఎండకి చప్పుడుంటుందని అప్పుడే తెలిసింది నాకు. పురుగులు లేవు. గాలి లేదు. మా అడుగులు కూడా వినపడటం లేదు. బావ ఊపిరి పీల్చడం కనిపిస్తోంది, వినపడటం లేదు. తడిబట్టల వాసన ముక్కు లోపల అతుక్కుపోయింది. గట్లు పొద్దుటికంటే ఎత్తుగా ఉన్నాయి.

మేకు దగ్గరకొచ్చాం. రాళ్ళ మధ్య స్టాఫ్ అలాగే నిలబడి ఉంది. బావని ఆపి, పక్కన నిలబడి, రెండు చేతులూ చాపాను. ఖాళీగా.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత... నా పాపిట మీద ఏదో ఆనింది. జుట్టు. తడి జుట్టు పైనుంచి కిందకి నా మొహం మీద జారింది. కళ్ళ మీద, ముక్కు మీద, పెదాల మీద... మాడు మీద చల్లగా ఇంకొక మాడు. ఇంకా బరువు వెయ్యలేదు. సరిగా ఎక్కడ ఆనాలో వెతుక్కుంటోంది. నా నుదుటికి ఎదురుగా, తలకిందులుగా, ఒక నుదురు... ఊపిరి లేని నోరు...

నేను స్టాఫ్ పట్టుకున్నాను.

రెండు చేతులతో పట్టుకున్నాను. పట్టుకోవాలని అనుకోలేదు. అనుకోలేదంటే కూడా అబద్ధమే. మొహం మీది జుట్టు ఒక్కసారిగా పైకి పోయింది. పక్కన బావ మోకాళ్ళు మళ్ళీ వంగాయి. మెడ ఇంకా కొంచెం లోపలికి దిగింది.

అతను కళ్ళు మాత్రం తిప్పి నా చేతుల వంక చూశాడు. స్టాఫ్ వంక చూశాడు. చాలా సేపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. ఆ ఒక్కసారైనా అరిచి ఉంటే నాకింత నరకం ఉండేది కాదు.

"మీ అక్కకి సెప్పకు" అన్నాడు.

డ్రైవరూ నేనూ కలిసి అతన్ని ఈడ్చుకొచ్చి జీపులో పడుకోబెట్టాం. ఒంటి మీద కండ లేని మనిషి, అరవై కిలోలుండడు. జీపు వెనకభాగం కిందకి దిగిపోయింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. మెడ ఎముకలు ఒకదాన్నొకటి నొక్కేసుకున్నాయట. "ఎన్నేళ్ళు మూటలు మోశాడు?" అనడిగాడు.

పంతొమ్మిది రోజులు ఆ మంచం మీద ఉన్నాడు. నర్సు వచ్చినా, ఆయా వచ్చినా "దించండమ్మా" అనేవాడు. నన్ను మాత్రం అడగలేదు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. చేతిలో ఫ్లాస్కో, నీళ్ళ సీసానో, ఏదో ఒకటి పట్టుకునే ఉండేవాణ్ణి. కూర్చున్నా కింద పెట్టేవాణ్ణి కాదు. "మా తమ్ముడికి బావంటే ఎంత పేనమో" అని అక్క పక్క మంచాల వాళ్ళకి చెప్పేది.

జూన్ మొదటి వారంలో బావ పోయాడు.

పాడె నలుగురితో లేవలేదు. ఎనిమిది మంది ఎత్తారు, వీధి మలుపుకొకసారి భుజాలు మార్చుకున్నారు. ముందు నిప్పుకుండ పట్టుకుని బావ కొడుకు మనోజ్‌కుమార్ నడిచాడు. భిలాయిలోనే పుట్టాడు, తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు. నేను మావిడి చెక్క ఒకటి పట్టుకుని పక్కన నడిచాను. అందరం చితి మీద తలో చెక్క వెయ్యాలి కదా, అందరి చేతుల్లోనూ ఒకటి ఉంది.

చితి పేర్చారు. బావని దాని మీదకి చేర్చడానికి పది మంది పట్టాల్సి వచ్చింది. మనోజ్ భుజాన నీళ్ళకుండ పెట్టారు. కుండకి చిల్లు పెట్టి, చుట్టూ మూడుసార్లు తిప్పి, చివర వెనక్కి వదిలెయ్యమంటారు. చిన్నప్పట్నుంచి ఎన్ని చావుల్లో చూశానో. రెండో చుట్టు తిరుగుతుండగా గానీ నా బుర్రకి తట్టలేదు. మూడో చుట్టు అవగానే వాడి చేతులు ఖాళీ అవుతాయి. అక్కడున్న నలభై మందిలో వాడొక్కడివే ఖాళీ అవుతాయి. తండ్రి తల పక్కనే.

"మనోజ్" అన్నాను. వాడికి వినపడేలా అనలేదు. ఏం చెప్పాలి? కుండ వదలకురా అంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే అక్కకి తెలుస్తుంది. నా చేతిలో చెక్క పారేసి వాడి పక్కన నిలబడితే సరిపోయేది. ఆ ఒక్కటీ చేస్తే సరిపోయేది. చెక్కని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

కుండ వెనక్కి పడి పగిలింది.

కాటికాపరి వచ్చి తల కింద కట్టె సర్దాడు. బావ తలనీ భుజాలనీ ఒక్క చేత్తో లేపాడు, ఆశ్చర్యంగా మా వంక చూశాడు. మనోజ్ మాడు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ దెబ్బ అన్నారు ఎవరో.

వెనక్కి చూడకుండా ఇంటికొచ్చాం. గుమ్మం ముందు బకెట్టు నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, దీపం చూసి, ఒక్కొక్కరే లోపలికెళ్ళాం. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. మనోజ్ చివర్న వచ్చాడు. వాడి ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఆ గుమ్మం ఎత్తు ఏడడుగుల పైమాటే.

వాడు గుమ్మం దగ్గర ఆగి, నడుం దాకా వంగి, లోపలికి వచ్చాడు.

అక్క చూడలేదు. గోడకి జారబడి కళ్ళు మూసుకుని ఉంది. వాడు గదిలో గోడ వారనే నడిచి మూలకి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, పంఖా బంద్ కర్ దో" అన్నాడు.

"ఉక్కపోస్తున్నాది కదరా నాయినా."

"బంద్ కరో నా. తగుల్తున్నాది."

"ఏటి తగుల్తున్నాదిరా?"

"పతా నహీఁ, తెలీదు" అన్నాడు. వాడి మెడ కొంచెం లోపలికి దిగి ఉంది.

అక్క లేచి స్విచ్చి ఆపింది. కుర్చీ చేతుల్ని నేను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. పైకప్పు నుంచి వేలాడే ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. గదిలో చప్పుడు లేదు. మనోజ్ మూల నుంచి కదిలి, గది మధ్యలో ఫ్యాను కిందనుంచి నడిచి, వాళ్ళమ్మ పక్కకి వెళ్ళి కూర్చున్నాడు.

ఆగిపోయిన ఫ్యాను వెనక్కి అరచుట్టు తిరిగింది.